గడి అంచున సున్నా

ఆవిడ భర్తకు చెడ్డ అలవాటంటూ ఒక్కటీ లేదు. ఆయనతో వచ్చిన చిక్కల్లా అదే. తాగుడో పేకాటో ఉంటే నలుగురిలో చెప్పుకుని కళ్ళు తుడుచుకోవచ్చు, వినేవాళ్ళు అయ్యో పాపం అంటారు. మా ఆయన గడులు గీస్తాడండీ, గడికీ గడికీ మధ్య బాణాలు పెడతాడండీ అంటే ఎవరంటారు అయ్యో అని? పక్కింటామెతో ఒకసారి అని చూసింది. "ఇళ్ళ ప్లాన్లా? అయితే మా వంటగదికో కిటికీ గీసిపెట్టమనండి" అందా పక్కింటామె. ఆ తర్వాత ఆ దుఃఖాన్ని ఎవరితోనూ పంచుకోలేదు.

ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగి. లిఫ్టు తలుపు ఇరుక్కుంటే మాత్రం తెరవడం రాదు. ఏ పని ఎక్కడ మొదలవ్వాలి, ఎవరి చేతిలోంచి ఎవరి చేతిలోకి పోవాలి, ఎక్కడ ముగియాలి అన్నది బొమ్మగా గీయడమే ఆయన పని. ఆ బొమ్మలకో భాష ఉంది. పని అంటే గడి, నిర్ణయం అంటే వజ్రం ఆకారం, మధ్యలో వచ్చిపడే సంగతి అంటే వృత్తం. అత్తగారు ఆ వృత్తాలన్నిటినీ సున్నాలనేది. "నా కొడుకు సున్నాలు చుట్టి సంసారం ఈదుతున్నాడు" అని ఇంటికొచ్చిన వాళ్ళకు చెప్పేది. అందులో మెప్పెంతో ఎత్తిపొడుపెంతో ఆమెకే తెలియాలి.

మూడు నెలల కిందట ఆ బొమ్మల భాషలో కొత్త వెర్షన్‌కు మారదామని కంపెనీ అనుకుని, ఆయన్ను నాలుగు రోజుల శిక్షణకు పంపింది. వెళ్ళడం మామూలు మనిషిలాగే వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఒక కప్పూ, ఒక సంచీ, కొత్తగా మతం పుచ్చుకున్నవాడి కళ్ళూ తెచ్చుకున్నాడు. కొత్తదాంట్లో ఏమేం ఉన్నాయో భోజనాల దగ్గర వారంరోజులు చెప్పుకొచ్చాడు. గడి మూలన చిన్న గుర్తు పెడితే ఆ పని యంత్రం చేసేదో, మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని చేసేదో, వట్టి చేతులతో చేసేదో తెలిసిపోతుందట. కిందివాళ్ళు తేల్చలేనిది పైవాళ్ళ చెవిన వేయడానికి బాణంమొన లాంటి గుర్తు విడిగా ఉందట. దానికి గుర్తెందుకురా, నేను లేనూ అంది అత్తగారు. అన్నిటికన్నా గొప్ప సంగతి ఏమిటంటే, ఇదివరకు బొమ్మ గోడమీద ఉండేది, పని మనుషులు చేసేవాళ్ళు. ఇప్పుడు గీసిన బొమ్మను గీసినట్టే కంప్యూటర్ చదువుకుని పని నడిపించేస్తుందట. మధ్యలో ఎవరూ బుర్ర పెట్టనక్కర్లేదట.

అయితే మీ బుర్రొక్కటే పెట్టాలన్నమాట అందావిడ. అంతే అన్నాడాయన, మెప్పనుకుని.

ఆ ఆదివారం ఇంటికీ ఒక బొమ్మ గీసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. ఆవిడ పనులన్నిటి మూలనా చెయ్యి గుర్తుంది. ఆయన పనులు రెండే, రెండింటి మూలనా మనిషి గుర్తుంది. ఈ ఇంట్లో నావి చేతులు మాత్రమేనా, మనిషి మీరొక్కరేనా అని అడిగింది. అది భాష నియమం, నేను పెట్టింది కాదు అన్నాడు. ఆ తర్వాత 'వంట' అన్న గడి అంచున అతికించిన రెండు సున్నాల మీద వేలు పెట్టాడు. ఒకదాని గీత నిండుగా ఉంది, రెండోదాని గీత తెగితెగి ఉంది.

"పాలు కాగుతున్నాయనుకో. కాలింగ్ బెల్ మోగింది. పాలు దించేస్తావా? దించవు. అవి కాగుతూనే ఉంటాయి, నువ్వెళ్ళి తలుపు తీస్తావు. అదీ తెగిన గీతంటే. అసలు పని ఆగదు, పక్కన ఇంకో పని మొదలవుతుంది. అదే గ్యాస్ వాసన వచ్చిందనుకో. అన్నీ ఆపేసి బయటికి పోవాలి. అది నిండు గీత. అది వచ్చిందంటే గడిలో పని అక్కడికక్కడ రద్దు. పాత భాషలో నిండు గీత ఒక్కటే ఉండేది. తెగిన గీత ఇందులోనే వచ్చింది."

ఆవిడ కాలేజీలో తర్కశాస్త్రం చదువుకుంది. ఒక్కసారి చెబితే అర్థమైంది. ఆయన మాత్రం మూడుసార్లు చెప్పాడు. ఇంటి బొమ్మలో తెగిన గీత సున్నాకు ఆయన పెట్టిన పేరు 'భర్త "అయిందా?" అని అడుగుట'. దాన్నుంచి బాణం 'ఇంకెంతసేపో చెప్పుట' అన్న గడికి పోయింది. ఆ గడి మూలన కూడా చెయ్యి గుర్తే ఉంది.

ఇదంతా నవ్వుకునే సంగతే. నవ్వు ఒక గురువారం సాయంత్రం ఆగిపోయింది.

ఆయన చెల్లెల్ని ఇంట్లో పిచ్చుక అంటారు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి కిచకిచలాడుతూనే ఉంటుంది. అన్న కంపెనీలోనే ఫోన్ల దగ్గర ఉద్యోగం. చేరి పదకొండు నెలలైంది. ఏడాది నిండితే ఖాయం చేస్తారు, లేదా ఇంటికి పంపేస్తారు. ఆ సాయంత్రం పిచ్చుక మాట్లాడకుండా వచ్చి, చెప్పులు వరసలో పెట్టి, భోజనాల బల్ల మీద ఒక కాగితం పెట్టి కూర్చుంది. సంజాయిషీ అడిగిన కాగితం.

జరిగింది ఇదీ. ఒక అపార్టుమెంట్లో లిఫ్టు ఆగిపోయింది. ఐదో అంతస్తులో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉంటారు. ఆమె కాలికి కట్టు. కట్టు విప్పించాల్సిన రోజు వచ్చింది, పోయింది, లిఫ్టు రాలేదు. లోపల చర్మం ఒరుసుకుపోయి పుండు పడింది. పంతొమ్మిది రోజులుగా రోజూ ఫోన్ చేస్తున్నా ఒక్క మెకానిక్కు రాలేదని పెద్దాయన మేనేజరుకు ఉత్తరం రాశాడు. మేనేజరు కంప్యూటర్లో చూస్తే ఆయన పేరు మీద ఉన్నది ఒక్కరోజు వయసున్న కంప్లైంటు. అంటే పద్దెనిమిది రోజులు ఫోన్ల అమ్మాయి రాసుకోలేదన్నమాటేగా. విచారించి రిపోర్టు రాయమని పిచ్చుక అన్నకే అప్పగించారు. చెల్లెలైనా సరే నిష్పక్షపాతంగా రాస్తాడని ఆయనకు పేరుంది. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

"రోజూ రాశాను అన్నయ్యా. ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ 'మళ్ళీ ఫోన్ చేశారు' అన్న మీట నొక్కాను. నువ్వు నేర్పినట్టే."

"నొక్కితే సిస్టంలో ఉండాలి కదమ్మా. సిస్టం అబద్ధం చెప్పదు."

"అయితే నేను చెప్తున్నానా?"

ఆయన సీసా ఎత్తి నీళ్ళు తాగాడు. పిచ్చుక లేచి తన గదిలోకి పోయింది. తలుపు గట్టిగా వేసుకున్నా బాగుండును, చప్పుడు లేకుండా వేసుకుంది. పైగా, ఆ పెద్దాయనకు రోజుకోసారి గుర్తుచేయండి, అప్పుడైనా కదులుతుంది అని సలహా ఇచ్చింది తనేనని ఆ రాత్రి వదిన దగ్గర చెప్పుకుంది. ఆ పెద్దాయన భార్యను ఫోన్‌లో పలకరించేదట కూడా.

మర్నాడు సాయంత్రం ఆయన ఆఫీసు బొమ్మను పెద్ద కాగితం మీద అచ్చు తీయించుకొచ్చి భోజనాల బల్ల నిండా పరిచాడు. రిపోర్టుకు జతచేయడానికి. ఫోన్ వస్తే మాట్లాడటానికి బయటికెళ్ళాడు. ఆవిడ బల్ల తుడుద్దామని కాగితం అంచు ఎత్తింది, ఎత్తి అలాగే ఆగిపోయింది. 'మెకానిక్కును పంపుట' అని ఒక గడి. దాని అంచున ఒక సున్నా. సున్నా పేరు 'కస్టమర్ మళ్ళీ ఫోన్ చేశారు'. గీత నిండుగా ఉంది, ఎక్కడా తెగలేదు.

ఆవిడ తడి వేలితోనే బాణం వెంట వెళ్ళింది. సున్నాలోంచి 'కంప్లైంటు మూసివేత' గడికి. అక్కడినుంచి 'కొత్త నంబరు' గడికి. అక్కడినుంచి వరస చివరికి. అంటే పెద్దాయన పొద్దున ఫోన్ చేసి బాబూ ఎప్పుడొస్తారు అని అడగ్గానే, అంతవరకు వరసలో ముందుకు జరిగిన ఆయన కంప్లైంటు చచ్చిపోయి, కొత్తగా పుట్టి, అందరి వెనకా నిలబడుతోంది. పద్దెనిమిదిసార్లు. అడగనివాడి లిఫ్టు బాగైంది, అడిగినవాడిది అడిగినకొద్దీ వెనక్కు పోయింది. పిచ్చుక ఎంత శ్రద్ధగా మీట నొక్కితే ఆ ముసలావిడ కాలు అంత పుండైంది. రద్దయిన నంబర్లు తెరమీద కనపడవు. తెర శుభ్రంగా ఉండాలని వాటిని దాచింది కూడా ఆయనే, శిక్షణ నుంచి వచ్చిన వారంలో గొప్పగా చెప్పుకున్నాడు.

ఆవిడకు కోపం మామూలుగా కూర అడుగంటినట్టు వచ్చేది. ముందు వాసన తగిలేది, మంట తగ్గించుకునే వ్యవధి ఉండేది. ఈసారి వాసనా లేదు, వ్యవధీ లేదు.

ఆయన లోపలికి రాగానే సున్నా చూపించింది. ఇది పాలా గ్యాసా అని అడిగింది. ఆయన ఒక్క చూపు చూసి కాగితం చుట్టేశాడు.

"నాలుగు ముక్కలు చెప్పాను కదా అని నాకే పాఠం మొదలెట్టావా? ఆరుగురు చూసి సంతకం పెట్టిన బొమ్మ అది. బొమ్మలో తప్పుండదు. తప్పంటూ ఉంటే వాడేవాళ్ళ దగ్గరే ఉంటుంది."

"ఆ ఆరుగురూ చూశారా, సంతకం పెట్టారా?"

వంటింట్లో పని చూసుకోమన్నాడు. అక్కడితో ఆగినా పోయేది. పిచ్చుకను వెనకేసుకురావడానికి నీకు సున్నా ఒకటి దొరికింది అన్నాడు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పనే చూసుకుంది. ఫ్రిజ్ తలుపు మీది బొమ్మలో 'భర్త "అయిందా?" అని అడుగుట' అన్న సున్నా దగ్గర పెన్ను పెట్టి, తెగిన చోట్లన్నీ ఓపిగ్గా కలిపింది. 'ఇంకెంతసేపో చెప్పుట'కు పోయే బాణం కొట్టేసి, దాన్ని తిప్పి ఆ రోజు పనుల్లో ఆఖరి పని కిందికి లాగింది. గీత ఆయన గీసినంత నున్నగానే వచ్చింది.

మర్నాడు శనివారం, ఆయనకు సెలవు. ఎనిమిదిన్నరకు పొయ్యిమీద టీ మరుగుతుండగా అలవాటుగా హాల్లోంచి అయిందా అన్నాడు. ఆవిడ పొయ్యి ఆర్పింది. గిన్నె మీద మూతపెట్టి, దుప్పట్లు మడతపెట్టడానికి వెళ్ళింది. అత్తగారూ పిచ్చుకా ఏమీ అడగలేదు గనక వాళ్ళకు టీ అందింది. తొమ్మిదింబావుకు మళ్ళీ మరిగించింది. ఏమైంది, అయిందా లేదా అన్నాడు. ఆర్పింది. అలమర అరలు తుడిచింది. పదకొండింటికి టీ మాట మానేసి టిఫిన్ సంగతి అడిగాడు. దానికీ అదే మర్యాద జరిగింది. పన్నెండున్నరకు కూర సగం ఉడికింది, ఇంకెంతసేపు అన్నాడు. కూర దిగింది, కిటికీ అద్దాలు మెరిశాయి. మిగతా ఇద్దరూ ఒంటిగంటకు భోంచేశారు. రెండింటికి ఆయన లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. అప్పటికి ఆవిడ మళ్ళీ పొయ్యి వెలిగించి ఉంది.

"నీకు పిచ్చెక్కిందా? పొద్దుట్నుంచి అడుగుతూనే ఉన్నాను. అడిగినకొద్దీ ఆలస్యం చేస్తావేం?"

ఆవిడ పొయ్యి ఆర్పింది.

"ఇది ఐదోసారి" అంది. "మీరు ఐదుసార్లు అడిగారు, ఐదున్నర గంటలు. ఆయన పంతొమ్మిదిసార్లు అడిగాడు. బొమ్మ ప్రకారమే నడుచుకుంటున్నాను, తప్పుంటే వాడేదాని దగ్గరే ఉంటుంది లెండి."

ఆయన ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళాడు. సున్నాకేసి చాలాసేపు చూశాడు. వేలితో బాణం వెంట ఒకసారి వెళ్ళొచ్చాడు. మెడ వెనక ఎర్రబడటం ఆవిడకు కనిపించింది. ఇప్పుడు తప్పు తనదేనని అంటాడు అనుకుంది. గరిటె పక్కన పెట్టింది కూడా.

ఆయన ఇటు తిరిగి గొంతు తగ్గించాడు. సోమవారం ఆ గీత మార్చేస్తానన్నాడు. కొత్త బొమ్మ ఎక్కించేస్తే చాలట, ఎవరికీ చెప్పాల్సిన పనిలేదట, మెరుగులు దిద్దామంటే సరిపోతుందట. మరి రిపోర్టో అంటే రిపోర్టు వేరు, బొమ్మ వేరు అన్నాడు. ఇప్పుడు బొమ్మ తప్పంటే ఆ ఆరుగురి పరువూ పోతుందట. ఆ ఆరుగురిలో మొదటి సంతకం ఎవరిదో చెప్పలేదు. చెల్లెలి ఉద్యోగం పోకుండా చూస్తాడట, మేనేజరు తన మాట వింటాడట, ఈసారికి హెచ్చరికతో వదిలేయమంటాడట.

అప్పుడొచ్చింది ఆవిడకు అసలు కోపం. నిన్నటిది దాని చిన్న చెల్లెలు.

"చేయని తప్పుకు మీ చెల్లెలికి క్షమాభిక్ష ఇప్పిస్తారా? ఇప్పించినందుకు అది మీకు జన్మంతా దణ్ణం పెట్టాలా? గీత తప్పు పడటం ఎవరికైనా పడుతుందండీ. దాన్ని ఇంకొకళ్ళ నెత్తిన అంటించడం మాత్రం ఏ శిక్షణలోనూ నేర్పరు. అది మీ సొంతం."

ఆయన నోరు తెరిచేలోగా హాల్లోంచి అత్తగారి గొంతు వచ్చింది. ఆమె అంతసేపూ వింటూనే ఉంది.

"చిన్నప్పుడు గాజు జాడీ పగలగొట్టి పిల్లి మీద పెట్టావురా. పిల్లికి నోరు లేదు. దీనికుంది. ఉన్నా నీమీద చెప్పదు, చూస్తూండు."

ఆ మాటకు ఆయన బయటికి వెళ్ళిపోయాడు. ఎక్కడో తిని వచ్చినట్టున్నాడు. రాత్రి భోజనాల దగ్గర ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. అన్నీ వేళకే అయ్యాయి.

ఆదివారం పొద్దున మేనేజరు ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పి, ఆయన ఎదటే అమ్మాయి సంగతి తేల్చాలని ముందే అనుకున్నారు. అన్నాచెల్లెళ్ళు రావాలి. ఆవిడ కూడా చీర మార్చుకుని, చుట్టిన పెద్ద కాగితం చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నువ్వెందుకు అన్నాడాయన. ముసలావిడను చూడ్డానికి అంది. కాగితంకేసి చూశాడు గానీ అడగలేదు. అడగడం మీద ఆయనకు కాస్త జంకు పట్టుకుంది.

లిఫ్టు తలుపు మీద 'పనిచేయదు' అన్న చీటీ రంగు వెలిసింది. ఆ వారం మేనేజరే స్వయంగా ఆఫీసుకు ఫోన్ చేసి ఈ లిఫ్టు సంగతి చూడమన్నాడట, ఎవరో దాన్ని కూడా 'మళ్ళీ ఫోన్ చేశారు' కింద నొక్కేశారట. కింద కలిసిన మేనేజరు మెట్లెక్కుతూ తనే చెప్పుకుని వాపోయాడు. మూడో అంతస్తుకు వాపోవడానికి ఊపిరి చాలలేదు. ఆవిడ భర్త ప్రతి మలుపులోనూ గోడ పట్టుకుని ఆగాడు. ఆవిడ ఒక మెట్టు వెనక, ఆగినప్పుడల్లా ఆగుతూ, చెయ్యి మాత్రం అందించకుండా ఎక్కింది. అందరికన్నా ముందు పిచ్చుక ఎక్కింది, తల వంచుకుని.

తలుపు తీసిన పెద్దాయన కోపంగానే ఉన్నాడు. సన్నగా, గడ్డం గీసుకోకుండా ఉన్నాడు. లోపల ఆయన భార్య కాలు దిండు మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది. గదిలో మందు వాసన. ఆయన మేనేజరును కూర్చోమనలేదు. ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి ఎవరు అని అడిగాడు. పిచ్చుక చెయ్యెత్తింది, బడిలో పిల్లలా.

"నువ్వా తల్లీ? నీమీద రాయలేదమ్మా నేను. ఇన్నాళ్ళూ మీ కంపెనీలో మా ఆవిడ కాలెలా ఉందని అడిగింది నువ్వొక్కదానివే."

ఆయన సొరుగులోంచి ఒక చిన్న పుస్తకం తీసి మేనేజరు చేతిలో పెట్టాడు. ఒక్కో పేజీలో ఒక్కో తేదీ, పక్కన అమ్మాయి చెప్పిన కంప్లైంటు నంబరు. పంతొమ్మిది తేదీలు, పంతొమ్మిది నంబర్లు. ఒక్కటీ ఇంకోదానిలా లేదు. మేనేజరు పేజీలు తిప్పాడు. నిలబడే తిప్పాడు.

"రాసుకోలేదన్నారే? ఇన్ని నంబర్లున్నాయి. ఒకే లిఫ్టుకు ఇన్ని నంబర్లెలా వచ్చాయి?"

ఆ మాట ఎవరిని అడిగాడో తెలుస్తూనే ఉంది. జవాబు తెలిసినవాడు కిటికీ వైపు చూస్తున్నాడు. ఆవిడ చంకలోని కాగితం మీద చెయ్యి బిగించింది. విప్పి బల్ల మీద పరిస్తే క్షణంలో తేలిపోతుంది. పరవలేదు. తను చెబితే అది ఇల్లాలి ఫిర్యాదవుతుంది, ఆయన్ను ఆయన గీతతోనే పట్టిచ్చినట్టవుతుంది. ఆయన నోటంట రావాలి. రాకపోతే ఆ తర్వాత పరుస్తుంది, అదీ నిశ్చయమే. లోపల కోపం పొయ్యిమీది గిన్నెలా కుతకుతలాడుతోంది, ఈసారి ఆర్పే ఉద్దేశం లేదు.

పిచ్చుక అన్నకేసి ఒకసారి చూసింది. అన్న చూడలేదు.

"నేనే ఏదో తప్పు మీట నొక్కి ఉంటాను సార్" అంది పిచ్చుక. "కొత్త సిస్టం కదా. నాకు సరిగ్గా అలవాటవలేదు."

మేనేజరు తలూపి పుస్తకం మూశాడు. పెద్దాయన భార్య కుర్చీలోంచి, అయ్యో, పోనీలెండి, చిన్నపిల్ల అంది.

ఆవిడ కాగితానికి కట్టిన దారం మీద గోరు పెట్టింది. దారం తెగలేదు ఇంకా. ఐదంతస్తుల చెమట ఆరని మొహంతో ఆయన కిటికీ దగ్గర్నుంచి ఇటు తిరిగాడు. మేనేజరు వైపు కాదు, కట్టు కట్టిన ఆ కాలి వైపు.

"లేదు సార్" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "లేదు. మా చెల్లెలు నొక్కమన్న మీటే నొక్కింది. పని ఆగకూడని చోట ఆగిపోయేలా గీసింది నేను. ఆయన ఫోన్ చేసిన ప్రతిసారీ కంప్లైంటును చంపింది నా బొమ్మ. నిన్న మధ్యాహ్నానికే నాకా సంగతి తెలుసు, తెలిసీ రిపోర్టులో దాని పేరే రాశాను. తప్పు నాదండీ."